నోటి క్యాన్సర్ చికిత్స: విశాఖలో రోగి వెంట ఉండే ఇంటి మనిషికి కరదీపిక

ఉత్తరాంధ్రకు నోటి క్యాన్సర్ కొత్త జబ్బు కాదు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు విశాఖపట్నం, శ్రీకాకుళం తీర గ్రామాల ఆడవారిలో తరాలుగా ఉంది. ఆ అలవాటుకూ అంగిట్లో పుట్టే క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులు దశాబ్దాల కిందటే పరిశీలించి వైద్య పత్రికల్లో రాశారు. ఇప్పుడు ఖైనీ, గుట్కా దానికి తోడయ్యాయి. బుగ్గ లోపల, నాలుక పక్కన పుండుతో ఆసుపత్రికి వచ్చేవారిలో సంపాదించే వయసులో ఉన్న మగవారూ ఉంటున్నారు.

ఈ వ్యాసం రోగిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి తిరిగే కొడుకు, కోడలు, తమ్ముడు, మేనల్లుడి కోసం రాసినది. కోత, మందు, రేడియేషన్ డాక్టర్లు చూసుకుంటారు. వాటి మధ్య ఉండే రోజులు మాత్రం ఇంటివారి చేతిలో ఉంటాయి. ఈ జబ్బులో తొందరపడి తీరవలసిన చోట్లు కొన్ని, ఓపిక పట్టి తీరవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. మనవాళ్లు చాలామంది పుండు కనిపించాక నెలల తరబడి ఊరుకుంటారు. తీరా క్యాన్సర్ అని తేలగానే కంగారుపడి, స్కాన్ కూడా తీయించకుండా ఎవరు ముందు కోస్తామంటే వారి దగ్గర కోయించేస్తారు. ఆ క్రమాన్ని తిరగవేయగలిగితే, నయం కావలసిన జబ్బు చేజారిపోకుండా చాలా వరకు కాపాడుకోవచ్చు.

పుండు మానకపోతే

రెండు వారాలు దాటినా మానని నోటిపుండును డాక్టరుకు చూపించవలసిందే. నొప్పి లేదు కదా అన్న ధైర్యం పనికిరాదు, ఎందుకంటే తొలిదశలో ఈ పుండు చాలామందికి నొప్పి పెట్టదు. తుడిచినా పోని తెల్లమచ్చ, అంతకన్నా ముఖ్యంగా ఎర్రమచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, ఒక పక్కే వచ్చే చెవిపోటు, మెడలో గట్టి బిళ్ల, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుపోవడం, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి.

పొగాకు, వక్క అలవాటున్నవారి నోటిని ఇంట్లోనే నెలకొకసారి చూడటం కష్టమైన పని కాదు. కట్టుడు పళ్లుంటే తీయించి, మనిషిని వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను టార్చి వేసి, ముందు పెదవుల లోపలి భాగం, తరువాత రెండు బుగ్గలు, చిగుళ్ల చుట్టూ, అంగిలి వరుసగా చూడాలి. ఆపైన శుభ్రమైన గుడ్డతో నాలుక కొసను పట్టుకుని మెల్లగా పక్కకు లాగి, రెండు అంచులనూ వెనకదాకా చూడాలి. నాలుకను పైకెత్తించి దాని కింద కూడా చూడాలి. చివరగా దవడ కింద నుంచి మెడ వరకు వేళ్లతో తడమాలి. ఇంత చిన్న పనికి ఫలితం ఉంటుందా అని సందేహించనక్కరలేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు కేవలం కళ్లతో నోటిని చూసి అనుమానమున్నవారిని డాక్టర్ల దగ్గరికి పంపిన అధ్యయనంలో, పొగాకో మద్యమో అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. ఆ ఫలితాలు 2005లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

అనుమానం వస్తే దంతవైద్యునికో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో ఆ వారంలోనే చూపించాలి. పుండు మీద పసరు పూయించడం, కాల్చే మందులు పెట్టించడం, ఒక యాంటీబయాటిక్ కోర్సుకు తగ్గకపోతే మరొకటి, అదీ కాకపోతే ఇంకొకటి వాడుతూ పోవడం, పక్కనున్న పన్ను గీసుకోవడం వల్లనే పుండు పడిందని ఆ పన్ను పీకించి ఊరుకోవడం, వీటిలో పోయే కాలం తిరిగి రాదు. పన్ను అంచు నిజంగానే గీసుకుంటూ ఉంటే దానిని అరగదీయించాక రెండు వారాల్లో పుండు మానాలి. మానకపోతే ముక్క పరీక్షకు (బయాప్సీకి) వెళ్లాలి. తొందరపడవలసిన మొదటి చోటు ఇదే.

ముక్క పరీక్ష

కత్తి తగిలితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం పల్లెల్లోనే కాదు, పట్నంలో చదువుకున్నవారిలోనూ బలంగా ఉంది. నోటిపుండు అంచు నుంచి చిన్న ముక్క తీసినంత మాత్రాన క్యాన్సర్ పాకదు. ముక్క తీయకుండా, చూపును బట్టి క్యాన్సర్ అని చెప్పి చికిత్స మొదలుపెట్టడం మాత్రం ఎక్కడా ఒప్పుకోకూడని పద్ధతి. పుండు మొత్తాన్ని ఒకేసారి తీసేస్తామని ఎవరైనా అంటే, ముందు ముక్క పరీక్ష, స్కాన్ చేయించరా అని అడగాలి. తొలి శస్త్రచికిత్సలో కణితి అంచులు మిగిలిపోతే, తరువాత చేసే పెద్ద శస్త్రచికిత్సకు కూడా ఎంతవరకు కోయాలో తెలియక చిక్కు వస్తుంది.

రిపోర్టు చేతికి వచ్చాక అందులో చూడవలసిన మాటలు కొన్నే. నోటిలో వచ్చే క్యాన్సర్లలో చాలా వరకు స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకానివి. దాని పక్కన వెల్, మోడరేట్, పూర్ అనే మూడింటిలో ఒక మాట ఉంటుంది. అది కణాల స్వభావాన్ని చెప్పే గ్రేడు మాత్రమే, జబ్బు ఎంత దూరం వెళ్లిందో చెప్పే స్టేజి కాదు. పూర్ అన్న మాట చూసి స్టేజి ముదిరిందని ఇంట్లో ఏడుపులు మొదలవడం తరచూ జరుగుతుంది. డిస్ప్లేసియా అని ఉంటే అది ఇంకా క్యాన్సర్ కాలేదని, కానీ అయ్యే అవకాశముందని అర్థం చేసుకుని డాక్టరు చెప్పినట్టు వెంటబడి చూపించుకోవాలి.

రిపోర్టు కాగితంతో పాటు గాజు స్లైడ్లను, ముక్కను మైనంలో పెట్టి ఉంచే బ్లాకులను కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకోవాలి. వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి పాథాలజీ డాక్టరు వాటినే మళ్లీ చూసి నిర్ధారిస్తారు. అవి లేకపోతే రెండోసారి ముక్క తీయించుకోవలసి రావచ్చు. ఎండలోనూ, ఎండకు కాగే ఇనప పెట్టెల్లోనూ బ్లాకులు పెడితే మైనం మెత్తబడి పాడుకావచ్చు. విశాఖ వేసవిలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

స్టేజి తేలే దాకా ఓపిక

క్యాన్సర్ అని తేలిన రోజు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. తెల్లారేసరికి ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. ఓపిక పట్టవలసింది సరిగ్గా ఇక్కడే. ఈ దశలో స్టేజి తేల్చుకోవడానికి పట్టే వారం పది రోజులు వృథా కావు, అవే చికిత్సకు పునాది. ముఖం, మెడకు రంగు ఇంజెక్షనుతో సీటీ స్కాను, నాలుక క్యాన్సర్ అయితే తరచుగా ఎమ్మారై, ఊపిరితిత్తుల కోసం ఛాతీ స్కాను సాధారణంగా అడుగుతారు. రంగు ఇంజెక్షనుకు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నా, ఇంతకు ముందు ఏ ఇంజెక్షనుకైనా దద్దుర్లు వచ్చినా ఆ మాట స్కాన్ గదిలో ముందే చెప్పాలి. పెట్ స్కాను అందరికీ అవసరం లేదు. డాక్టరు అడగకుండా సొంతంగా తీయించుకుని డబ్బు ఖర్చు చేయడం మంచిది కాదు.

స్టేజిని టీ, ఎన్, ఎం అనే మూడు అక్షరాలతో రాస్తారు. టీ అంటే కణితి పరిమాణం, లోతు, ఎన్ అంటే మెడ గ్రంథుల స్థితి, ఎం అంటే దూర అవయవాలకు పాకిందీ లేనిదీ. రెండు సెంటీమీటర్లకు మించకుండా, ఐదు మిల్లీమీటర్లకు మించని లోతులో ఉన్నది టీ 1. ఈ మూడు అక్షరాలూ ఓపీ చీటీ మీద రాయించుకున్నాకనే చికిత్స మాట మాట్లాడాలి. అప్పుడు డాక్టరును అడగవలసిన ప్రశ్నలు నిజానికి రెండే: "డాక్టరు గారూ, ఈ చికిత్స జబ్బు పూర్తిగా నయం చేయడానికా, బాధ తగ్గించి ఆయుష్షు పెంచడానికా?" "మా కేసును సర్జరీ, రేడియేషన్, కీమో డాక్టర్లు ముగ్గురూ కలిసి చూశారా?" మొదటి ప్రశ్న అడగడానికి భయం వేస్తుంది, కానీ పొలం అమ్మాలా వద్దా అన్న నిర్ణయం దాకా అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. రెండో దానికి జవాబు అవునని వచ్చేదాకా ఏ చికిత్సా మొదలుపెట్టనివ్వకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

విశాఖలో ఎక్కడికి వెళ్లాలి

ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్‌కు అనుబంధంగా, కేంద్ర అణుశక్తి విభాగం కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖలో అగనంపూడి వద్ద ఉంది. గాజువాక, కూర్మన్నపాలెం దాటాక జాతీయ రహదారి మీద వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలులో వచ్చేవారు తమ రైలు దువ్వాడలో ఆగుతుందేమో చూసుకుంటే విశాఖ స్టేషనుకు వెళ్లి వెనక్కి రావలసిన పని తప్పుతుంది. నగరంలో మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఆంధ్ర వైద్య కళాశాలకు బోధనాసుపత్రి. అక్కడ చెవి ముక్కు గొంతు, సర్జరీ, రేడియోథెరపీ విభాగాలున్నాయి. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులున్నాయి. ముంబై, హైదరాబాద్ వెళ్తేనే మంచి వైద్యమన్న నమ్మకంతో నెలన్నర వరకు రైలు టికెట్ల కోసం, బస కోసం తిరగడం కంటే, ఇక్కడే పద్ధతిగా మొదలుపెట్టి పూర్తి చేయడం నోటి క్యాన్సర్ విషయంలో చాలామందికి మంచిది. ఆరేడు వారాల పాటు వారానికి ఐదు రోజులు ఆసుపత్రికి వెళ్లవలసిన చికిత్స ఇది. ఇంటికి దగ్గరగా ఉండటం కూడా వైద్యంలో భాగమే.

ఆధార్ కార్డు, రైస్ కార్డు, ఫోను నంబరు మొదటి రోజే తీసుకెళ్లాలి. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం, అంటే మునుపటి ఆరోగ్యశ్రీ, క్యాన్సర్‌కు సర్జరీ, కీమో, రేడియేషన్ మూడింటికీ వర్తిస్తుంది. అయితే ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉండాలి, చికిత్సకు ముందు అనుమతి రావాలి. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలిసి, డబ్బు కట్టకముందే కాగితాలు పెట్టించాలి. ముందు సొంత డబ్బు కట్టి తరువాత పథకం కింద వెనక్కి తీసుకుందామనుకోవడం పొరపాటు లెక్క. సందేహాలకు 104 నంబరుకు ఫోను చేయవచ్చు. క్యాన్సర్ రోగికీ, వెంట వచ్చే ఒకరికీ చికిత్స కోసం చేసే రైలు ప్రయాణంలో రాయితీ ఉంది. అందుకు ఆసుపత్రి వారు నిర్ణీత నమూనాలో సంతకం చేసి ఇచ్చే పత్రం కావాలి.

రోగికి చెప్పాలా

చెప్పాలి. నాన్నకు చెప్తే గుండె ఆగిపోతుందని, అమ్మ తట్టుకోలేదని ఫైలును ఆమడ దూరంలో దాచేవారిని చూస్తూనే ఉంటాం. క్యాన్సర్ విభాగం ముందు వరుసలో కూర్చున్న మనిషికి తన జబ్బేమిటో తెలియకుండా ఉంటుందా? తెలిసీ మాట్లాడలేక ఒంటరిగా మిగిలిపోవడమే జరుగుతుంది. పైగా, నోరు మండుతున్నా గంజి తాగాలనీ, బాధ పడుతూ రోజూ రేడియేషన్‌కు రావాలనీ జబ్బు పేరు చెప్పకుండా ఒప్పించడం అసాధ్యం. అన్నీ ఒక్కరోజే చెప్పనక్కరలేదు. "పుండులో చెడ్డ జబ్బు ఉందన్నారు, దానికి వైద్యం ఉంది, నేను నీ వెంటే ఉంటాను" అని మొదలుపెట్టి, వాళ్లు అడిగినదానికి అబద్ధం లేకుండా జవాబిస్తే చాలు.

శస్త్రచికిత్స

నోటి క్యాన్సర్‌కు సాధారణంగా మొదటి చికిత్స శస్త్రచికిత్సే. పుండు బుగ్గలో ఉంటే మెడ కూడా ఎందుకు కోస్తారని ఇంటివారు అనుమానపడతారు. ఈ ప్రశ్నకు మన దేశమే జవాబు కనిపెట్టింది. టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం చేసిన అధ్యయనంలో, తొలిదశ నోటి క్యాన్సర్ ఉండి మెడలో గ్రంథులు తగలని రోగులకు ముందుగానే మెడ గ్రంథులు తీసేస్తే మూడేళ్ల తరువాత 80 శాతం మంది బతికి ఉన్నారు; గ్రంథి కనిపించాక తీద్దామని ఆగినవారిలో 67.5 శాతం మందే ఉన్నారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాక, మెడ కోత వద్దని డాక్టరును బతిమాలడంలో అర్థం లేదు.

ఆపరేషను తరువాత ముక్కులోంచి వేసిన ఆహార గొట్టం, కొందరికి గొంతు దగ్గర తాత్కాలికంగా పెట్టిన శ్వాస గొట్టం, ఛాతీ నుంచో చేతి నుంచో తెచ్చి అతికించిన కండ ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు మనసు తరుక్కుపోతుంది కాబట్టి ముందే తెలుసుకుని ఉండటం మేలు. గొట్టంలో ఆహారం పోసేటప్పుడు మనిషిని కూర్చోబెట్టి, వడకట్టిన జావను నెమ్మదిగా పోసి, తరువాత మంచినీళ్లతో గొట్టం కడిగి, అరగంట వరకు పడుకోనివ్వకూడదు.

పది పన్నెండు రోజుల్లో తుది పాథాలజీ రిపోర్టు వస్తుంది. అంచుల్లో జబ్బు మిగిలిందా, ఎన్ని గ్రంథులు తీస్తే ఎన్నింటిలో ఉంది, గ్రంథి పొర దాటి బయటకు వచ్చిందా అన్నవి అందులో ఉంటాయి. రేడియేషన్ అవసరమా, దానితో కీమో కూడా కావాలా అన్నది వీటిని బట్టే తేలుతుంది. రేడియేషన్ అవసరమని చెప్పిన పక్షంలో అది ఆపరేషను జరిగిన ఆరు వారాల్లోగా మొదలు కావాలి. కుట్లు మానాయి, మనిషి కోలుకున్నాడు, ఇక చాలు అనుకుని ఊరెళ్లిపోయేవారు ఎక్కువగా ఉండేది ఈ మలుపులోనే. మళ్లీ వచ్చే జబ్బు ఈ నిర్లక్ష్యం నుంచే మొలుస్తుంది. ఆపరేషను జరిగిన తేదీ నుంచి ఆరు వారాలు లెక్కపెట్టి, గోడ క్యాలెండరు మీద ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీత పెట్టుకోవాలి.

రేడియేషన్: ఒక్క రోజూ తప్పకూడదు

కరెంటు పెట్టడమని మనవాళ్లు చెప్పే రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాధారణంగా ఆరు నుంచి ఏడు వారాలు సాగుతుంది. మొదలుపెట్టక ముందే దంతవైద్యుడి చేత పళ్లన్నీ పరీక్ష చేయించి, పీకవలసినవి పీకించి, గాయం మానడానికి రెండు వారాలైనా ఇవ్వాలి. రేడియేషన్ పడిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. చికిత్స తరువాత ఏ రెండేళ్లకో ఆ ఎముక మీది పన్ను పీకిస్తే గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం జీవితాంతం ఉంటుంది కాబట్టి, ఎప్పుడు దంతవైద్యుని దగ్గరికి వెళ్లినా ముందు రేడియేషన్ సంగతి చెప్పాలి.

తరువాత ముఖానికి మెత్తని ప్లాస్టిక్ వల వేడినీటిలో ముంచి కప్పి, ముఖం ఆకారానికి మాస్కు తయారు చేస్తారు. కిరణాలు రోజూ ఒకే చోట పడేలా తలను కదలకుండా పట్టి ఉంచేది అదే. మనిషి బరువు బాగా తగ్గితే మాస్కు వదులై లెక్క తప్పుతుంది. అందుకే ప్రతి సోమవారం బరువు చూసి రాసుకోవాలి, రెండు కిలోలకు మించి తగ్గితే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఒక రోజు మానితే ఏమవుతుందని అడిగేవారికి జవాబు ఇది. చికిత్స సాగుతున్న కొద్దీ, ముఖ్యంగా మూడు నాలుగు వారాలు దాటాక, మిగిలిన క్యాన్సర్ కణాలు మునుపటి కంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అప్పుడు ఆగిన ఒక్కొక్క రోజూ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశాన్ని సుమారు ఒక శాతం మేర తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. సంక్రాంతికి ఊరెళ్లి వస్తామని, పైడితల్లి పండుగకు విజయనగరం వెళ్లాలని, పెళ్లి ఉందని అడగడం వద్దు. పండుగ తప్పితే వచ్చే ఏడు వస్తుంది. నోరు పూసిందని, ఓపిక లేదని సొంతంగా రెండు రోజులు ఆపడమూ వద్దు. అటువంటి ఇబ్బందికి ఆసుపత్రిలో మందు ఉంటుంది. మిషను పాడై ఒక రోజు పోతే దానికి బదులు ఎప్పుడు ఇస్తారని అడిగి తెలుసుకోవాలి.

రెండో వారం చివరి నుంచి నోరు పూస్తుంది, రుచి పోతుంది, ఉమ్మి చిక్కబడుతుంది. లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి సీసాలో పెట్టుకుని, మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకొకసారి పుక్కిలించాలి. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే కలపాలి. స్పిరిట్ ఉన్న మౌత్‌వాష్‌లు మంట పెంచుతాయి. మిరపకాయ, చింతపండు, ఆవకాయ పూర్తిగా పక్కన పెట్టాలి. చల్లారిన చోడి (రాగి) జావలో పాలు, కరిగిన నెయ్యి, మెత్తగా చేసిన పప్పన్నం, గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు, ముల్లు తీసి మెదిపిన చేప వంటివి కొద్దికొద్దిగా రోజుకు ఆరేడు సార్లు పెట్టాలి. క్యాన్సర్‌కు పాలు, గుడ్డు, చేప పడవని ఇరుగుపొరుగు చెప్పే మాటలు వినకూడదు. ఈ ఆరు వారాల్లో మాంసకృత్తులు తగ్గితే పుండ్లు మానవు. మింగలేకపోతే గొట్టం వేస్తామని డాక్టరు అంటే అది ఓటమి కాదు, చికిత్స ఆగకుండా ఉండటానికి చేసే ఏర్పాటు.

దవడ బిగుసుకోకుండా చేసే వ్యాయామం మొదటి రోజు నుంచే ఉండాలి. ఐస్‌క్రీం పుల్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, నోరు తెరుచుకున్నంత మేర అర నిమిషం పట్టి ఉంచి, వారం వారం ఒక్కో పుల్ల పెంచడానికి ప్రయత్నించాలి. ఇవాళ ఎన్ని పుల్లలు పట్టాయో రాసుకుంటే తగ్గుతున్నదీ పెరుగుతున్నదీ తెలుస్తుంది. రేడియేషన్ పడే మెడ చర్మం మీద సబ్బు, సున్నం, పసుపు, పౌడరు రాయకూడదు. మెడను గీకే బట్టలు వేయకూడదు, మగవారు బ్లేడుతో గీసుకోకూడదు.

క్యాన్సర్ అని తేలిన రోజు నుంచే పొగాకు బంద్. రేడియేషన్ తీసుకుంటూ చుట్ట కాల్చేవారిలో చికిత్స ఫలించే అవకాశం తగ్గుతుంది. పెద్ద వయసు ఆడవారు, ఎన్నో ఏళ్ల అలవాటు కదా, ఒకటి కాల్చుకోనివ్వండి అని జాలి చూపించడం వారి ప్రాణం మీదికే తెస్తుంది. ఇంట్లో మగవారు కూడా ఆ ఆరు వారాలు మానితే వారికి మానడం తేలికవుతుంది.

కీమో ఉంటే జ్వరం విషయంలో

రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమో చాలా వరకు సిస్‌ప్లాటిన్. అది మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీయవచ్చు కాబట్టి ఇచ్చిన రోజూ తరువాతి రెండు రోజులూ డాక్టరు చెప్పినన్ని నీళ్లు తాగించాలి, మూత్రం తగ్గినా చెవుల్లో హోరు వచ్చినా చెప్పాలి. డాక్టరుకు చెప్పకుండా నొప్పి మాత్రలు, నాటు మందులు, మూలికల పొడులు వాడితే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతిని అసలు చికిత్సే ఆగిపోవచ్చు.

కీమో తరువాత, సాధారణంగా ఏడు నుంచి పధ్నాలుగు రోజుల మధ్య, రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఇంట్లో డిజిటల్ థర్మామీటరు ఉండాలి. నోట్లో పుండ్లుంటాయి కాబట్టి చంకలో పెట్టి చూడాలి. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరాలి. తొందరపడవలసిన చోట్లలో అన్నింటికన్నా గట్టిది ఇదే. పారాసెటమాల్ వేసి తెల్లవారే దాకా చూద్దామనుకుంటే జ్వరం తగ్గినట్టు కనిపించి లోపల ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిపోతుంది. అత్యవసర విభాగంలో మొదటి మాటగా "కీమో తీసుకుంటున్నారు, ఫలానా తేదీన ఇచ్చారు, జ్వరం ఇంత ఉంది" అని చెప్పాలి, మామూలు జ్వరం వరుసలో కూర్చోకూడదు. పాడేరు, పలాస వంటి దూరప్రాంతాల వారు ఆ వారం రోజులు నగరంలోనే బంధువుల ఇంట్లోనో, గదిలోనో ఉండటం క్షేమం.

నొప్పికి మందు

నొప్పిని ఓర్చుకోవడంలో గొప్పతనం లేదు. నొప్పి ఉన్న మనిషి తినడు, నిద్రపోడు, రేడియేషన్‌కు రానంటాడు. మామూలు మాత్రలకు తగ్గకపోతే మార్ఫిన్ మాత్రలు ఇస్తారు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక వీటిని రోగులకు ఇచ్చే విధానం సులువైంది, అయినా గుర్తింపున్న ఆసుపత్రుల్లోనే దొరుకుతాయి. నొప్పి వచ్చాక వేయడం కాకుండా డాక్టరు చెప్పిన గంటలకు, నొప్పి ఉన్నా లేకున్నా వేయాలి. మార్ఫిన్ మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం అయ్యే మందును దానితో పాటే మొదటి రోజు నుంచి అడిగి తీసుకోవాలి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడే మార్ఫిన్‌కు బానిసవుతారన్న భయంతో మనిషిని బాధలో ఉంచడం తగదు.

ఫైలు, ఆ తరువాత

రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉండాలి, వాటి ఫోటోలు ఇద్దరి ఫోన్లలో ఉండాలి. ముఖ్యంగా చికిత్స ముగిసిన రోజున రేడియేషన్ వివరాల కాగితం తీసుకోకుండా ఆసుపత్రి గడప దాటకూడదు. ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క), ఎన్ని సిట్టింగులు, ఏ భాగానికి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నవి అందులో ఉండాలి. ఒకసారి పూర్తి మోతాదు పడిన చోట మళ్లీ అంత మోతాదు ఇవ్వడం సాధారణంగా కుదరదు. ఐదేళ్ల తరువాత అక్కడే ఏదైనా వస్తే కొత్త డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే. కీమో మందు పేరు, మోతాదు, తేదీలు ఉన్న చీటీలదీ అదే విలువ.

నోటి క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. అందుకని మొదటి ఏడాది నెలకో రెండు నెలలకో ఒకసారి, రెండో ఏడాది డాక్టరు చెప్పిన వ్యవధిలో, తరువాత ఐదేళ్ల వరకు కొంచెం దూరదూరంగా చూపించుకోవాలి. ఊరు దూరమని, బాగానే ఉన్నామని మానకూడదు. మధ్యలో నోట్లో కొత్త పుండు, మెడలో బిళ్ల, కారణం లేని చెవిపోటు వస్తే ఇచ్చిన తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లాలి. మెడకు రేడియేషన్ పడినవారిలో కొందరికి ఏళ్లు గడిచాక థైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. నీరసం, బరువు పెరగడం, మలబద్ధకం వయసు వల్లనేననుకుని వదిలేస్తారు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష రాయమని డాక్టరును ఇంటివారే గుర్తుచేసి అడగాలి, ఆ ఫలితాన్ని కూడా తేదీ వేసి అదే ఫైలులో పెట్టాలి.